మడ్డి కింది బొమ్మ

మారథాన్

ప్రియమైన ఫిలీనోస్‌కు,

ఏథెన్స్ కుండలవాడలో కుండలు కాల్చే ఆవం పొగకి బాగానే నల్లబడుతున్నావనుకుంటాను. నాకు మాత్రం మంచి రోజులొచ్చాయి. మా చెల్లి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు లియోస్ట్రతోస్, గుర్రాలున్న ఇంటివాడు. వచ్చే పున్నమికి అతన్నీ, అతని అన్నదమ్ములనూ విందుకు పిలిచి, అందరి ముందూ మాట ఇచ్చేస్తాను. ద్రాక్షసారా తాగడానికి కొత్త గిన్నెలు కావాలి. అవి నీ చేతివే కావాలి.

పోయిన వసంతంలో నువ్వొచ్చి పిల్లనడిగిన సంగతి ఇక్కడ ఇంకా చెప్పుకుని నవ్వుకుంటున్నాం. గోళ్ళ నిండా బంకమట్టితో నా గుమ్మంలో నువ్వు! ఆ బొమ్మే వెయ్యరా. మట్టిచేతుల పెళ్ళికొడుకు మోకాళ్ళ మీద, తలుపు వాడి ముక్కు మీద. గిన్నె అడుగున వెయ్యి. తాగుతున్నంతసేపూ కనబడకూడదు, ఖాళీ అయ్యాక నవ్వు రావాలి. నొచ్చుకోకు. చిన్నప్పటినుంచీ నిన్ను ఏడిపించే హక్కు నాదేగా.

నీ తెలెసియాస్

*

ఏథెన్స్

ప్రాణమిత్రుడు తెలెసియాస్‌కు,

నొచ్చుకోవడానికేముంది? నువ్వు చెప్పింది నిజమే కదా, నా గోళ్ళలో మట్టి ఎన్నిసార్లు కడిగినా పోదు. మీ చెల్లి పేరు ఇక్కడ ఎత్తను. పరాయి మగవాడి నోట ఇంటి ఆడపిల్ల పేరు రాకూడదని నాకూ తెలుసు. సంతోషంగా ఉండమన్నానని చెప్పు.

గిన్నెలు పున్నమినాటి ఉదయానికి అందుతాయి. అంతకు ముందు ఆవం దిగదు. నవ్వు సంగతి నాకొదిలెయ్.

ఎప్పటికీ నీ ఫిలీనోస్

*

మారథాన్

ఫిలీనోస్,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పెట్టె వచ్చింది. గడ్డి తీసి పైనున్న గిన్నె చూశాను. మోకాళ్ళ మీద నువ్వు, ముక్కు మీద తలుపు. పడీపడీ నవ్వాను. మిగతావి నేను చూడలేదు, కడిగి నింపమని పనివాళ్ళకి చెప్పి వెళ్ళిపోయాను.

లియోస్ట్రతోస్ మొదటి గిన్నె ఖాళీ చేసి అడుగుకేసి చూశాడు. పక్కనున్న తమ్ముడికి చూపించాడు. "ఎవరోయ్ ఈ పిల్ల?" అన్నాడు వాడు. పరుపు మీద వాలి, చేతిలో గిన్నె, పక్కన పిల్లనగోవి పెట్టుకున్న మా చెల్లి మెలిత్తా. కనుబొమ్మ మీది గాటుతో సహా వేశావు. చుట్టూ అక్షరాలు: 'మెలిత్తా అందగత్తె'. మగవాళ్ళ తాగుడు విందులో ఎలాంటి ఆడది కూర్చుంటుందో నీకు తెలియదా? మిగతా అన్ని గిన్నెల్లోనూ అదే బొమ్మ.

లియోస్ట్రతోస్‌కి ఆ పేరు వాళ్ళమ్మ చెప్పే ఉంటుంది. అయినా "మీ చెల్లెలి పేరేమిటి బావా?" అని నన్నే అడిగాడు. నేను నోరు విప్పలేదు. దాంతో అందరికీ అర్థమైపోయింది. అతని తమ్ముడు గిన్నె పిడిలో వేలు దూర్చి, మిగిలిన మడ్డి గురిచూసి విసురుతూ "ఇది మెలిత్తాకి!" అని అరిచాడు. మనసుపడ్డ దాని పేరు చెప్పి మడ్డి విసరడం మన ఆటేగా. ఆ తర్వాత ఒక్కొక్కడూ అదే పేరు అరిచి విసిరాడు. గోడకవతల ఆడవాళ్ళ గదిలో మెలిత్తా అంతా విన్నది. పెళ్ళికొడుకు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

నా మీద కోపముంటే నన్ను తన్నాల్సింది. అది నీకేం చేసిందిరా?

తెలెసియాస్

*

ఏథెన్స్

ప్రియమైన తెలెసియాస్‌కు,

నీకు చెయ్యి రాకపోయినా నాకు వస్తుంది. నవ్వు రావాలన్నావు, వచ్చింది.

ఇక ఆలోచించు. గుర్రాలున్న ఏ ఇల్లూ ఇప్పుడు ఆ పిల్లను గుమ్మం ఎక్కనివ్వదు. గాడిదలున్న ఇల్లు కూడా రానివ్వదు. మిగిలింది నేనొక్కణ్ణే. మీ ఇంటినుంచి నాకేమీ అక్కర్లేదు, కట్టుబట్టలతో పంపు.

తన ఏడుపు గురించి బెంగపడకు. నీకు తెలియని సంగతి ఒకటుంది. పోయిన వసంతంలో నా అంతట నేను రాలేదు. వచ్చి మా అన్ననడుగు అని మీ దాది చేత తనే కబురు పెట్టింది. కొన్నాళ్ళు నన్ను తిడుతుంది, తర్వాత నా పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుతుంది. చిన్నప్పుడు నా మట్టిగుర్రం కాలు విరిచి, ఏడ్చి, తేనె రాసి అతికించిన పిల్ల అది. నేను లేకుండా అదీ, అది లేకుండా నేనూ బతకలేం. ఎప్పుడు రమ్మంటావో చెప్పు. చేతులు కడుక్కునే వస్తాను.

నీ కాబోయే బావ
ఫిలీనోస్

*

మారథాన్

ప్రియమైన ఫిలీనోస్‌కు,

నీ లేఖ ఎంత మేలు చేసిందో చెప్పలేను. అది వచ్చేదాకా నా దగ్గర ఉన్నది ఒక బొమ్మ మాత్రమే. రొట్టె ముట్టకుండా కూర్చుని మెలిత్తా ఒకటే మాట: "ఫిలీనోస్ నా పేరు అలా రాయడు అన్నా. ఎవరో రాసి అతన్ని ఇరికించారు." నాకూ కాస్త నమ్మాలనిపించింది. అప్పుడే నీ లేఖ వచ్చింది. చదివి వినిపించాను. ఆ తర్వాత అది నీ మాటెత్తలేదు.

దాదిని కొట్టిస్తే కబురు సంగతి ఒప్పుకుంది. పెళ్ళికాని చెల్లెలు మగవాడితో చెడితే అన్న అమ్మెయ్యవచ్చని పాత చట్టం ఉంది కదా. ఈ రోజుల్లో ఎవరూ దాని జోలికి పోరు. నేను పోయాను. ఒక్క కబురేగా, చెడిందని ఎలా అంటావని అడగడానికి ఎవరూ రాలేదు. ఊరంతా గిన్నెల సంగతి విన్నది మరి.

కొరింతునుంచి ఒకావిడ వచ్చింది. విందులకి పిల్లనగోవి వాయించే ఆడపిల్లలను పంపే మనిషి. వేళ్ళు చూసింది, పళ్ళు చూసింది, కనుబొమ్మ మీది గాటు చూపించి బేరమాడింది. పేరు మార్చనక్కర్లేదట, బాగుందట.

ఇక రోజూ పరుపుల మధ్యే ఉంటుంది, చేతిలో గిన్నె, పక్కన పిల్లనగోవి. నీ బొమ్మలో అబద్ధమన్నది లేకుండా చేశాను. చూడాలనిపిస్తే కొరింతు వెళ్ళు. చేతులు కడుక్కోనక్కర్లేదు, అక్కడ ఎవరినైనా రానిస్తారు.

గిన్నెలన్నీ పగలగొట్టించాను, పైనున్న నీ బొమ్మ గిన్నె తప్ప. ఇప్పుడు రోజూ దాంట్లోనే తాగుతున్నాను. ముఖం చాలా బాగా కుదిరిందిరా.

నీ తెలెసియాస్