నిద్రగన్నేరు మీద ఆగిపోయిన రోజు

నందిగామ,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అన్నయ్యకి,

నీకూ వదినకీ నమస్కారాలతో నీ చెల్లెలు పార్వతి రాస్తున్న ఉత్తరం. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? పలాస డాక్టరు ఇచ్చిన మాత్రలు అయిపోయాక మళ్ళీ చూపించారా, లేక ఎప్పటిలాగే "తగ్గిపోనాది" అనేసి ఊరుకుందా? పెద్దమ్మకి కంటి ఆపరేషను అయిందన్నావు కదా, చుక్కల మందు మానకుండా వేయించు. ఇక్కడ మేము ముగ్గురం బాగానే ఉన్నాం. మా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఫోను ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావు. మాది ఒక్కటే గది అన్నయ్యా. ఫోనులో ఏం మాట్లాడినా మీ బావ చెవిన పడుతుంది. ఆయన లేనప్పుడు చేద్దామంటే, మాట మొదలుపెట్టకముందే నాకు ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను. ఇవాళ ఆయన రంపం మిషనుకి కొత్త చైను కొనడానికి జగ్గయ్యపేట వెళ్ళాడు. గౌరి కూడా వెంట వెళ్ళింది. దానికి స్కూలు బూట్లు చిన్నవైపోయాయి.

ఎండలు ఇంకా తగ్గలేదు. మన ఉద్దానంలో ఎంత ఎండ కాసినా సాయంత్రానికి సముద్రం గాలి వస్తుంది. ఇక్కడ పొద్దుపోయాక కూడా గోడలు వేడిగానే ఉంటాయి. జగ్గయ్యపేట వైపు పనికి వెళితే సున్నపురాయి లారీల దుమ్ము ఆకుల మీద మందంగా పేరుకుని ఉంటుంది. కొమ్మ కదిపితే చాలు, కింద నిలబడ్డ నా నెత్తి తెల్లబడుతుంది. పెనుగంచిప్రోలు వైపైతే మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో తుమ్ములే తుమ్ములు. తిండికి లోటు లేదు. మున్నేటి చేపలు దొరుకుతాయి, కానీ నాకు అవి చప్పగానే అనిపిస్తాయి. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఎండు నెత్తళ్ళు కాసిన్ని పంపించు. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు మార్తమ్మ గారికి కూడా తినిపించాలని ఉంది. ఆవిడ బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే "ఏంది పార్వతీ, ఏవన్నా తిన్నావా లేదా?" అని అడగందే ఆవిడకి తోచదు.

మేము వచ్చి ఆరేళ్ళు దాటింది. తుఫానుకి కొబ్బరితోట పోయాక మిరపకాయ కోతలకని ఒక జట్టుతో వచ్చాం కదా. ఒకరోజు ఎవరింట్లోనో కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్ళు లేక వెతుకుతుంటే మీ బావ ఎక్కి గెలలు దింపాడు. ఆ మాట ఈ నోటా ఆ నోటా పాకి ఇదే మా బతుకైంది. కొబ్బరిచెట్లతో మొదలుపెట్టి, ఇళ్ళ మీదికి వాలిన కొమ్మలు, గాలికి విరిగి వేలాడేవి, కరెంటు తీగలకి తగిలేవి, అన్నీ చేస్తున్నాం. తీగల దగ్గరైతే కరెంటువాళ్ళు వచ్చి లైను ఆపాకే ఎక్కుతాం, ఆ భయం నీకు అక్కర్లేదు. పాత ట్రాలీ ఆటో ఒకటి కొన్నాం. దాని వెనక నా ఫోను నంబరు రాయించాం.

కానీ అన్నయ్యా, ఇక్కడ చెట్టుని బాగుచేయడం అంటే ఎవరికీ అర్థం కాదు. "మొదలంటా కొట్టేసి కట్టె మీరే పట్టుకుపోండి, మళ్ళీ కూలేంటి?" అంటారు. అలా కొట్టి కట్టె అమ్ముకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ బావ ఒప్పుకోడు. చచ్చిన కొమ్మ ఏది, బతికిన కొమ్మ ఏది, ఎక్కడ కోస్తే గాయం మానుతుంది అని ప్రతి ఇంట్లోనూ విడమరిచి చెబుతాడు. సగం మంది విని పంపించేస్తారు. ఉండబట్టలేక నేను విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. నెల కిందట చందర్లపాడు రోడ్డులో ఒక చర్చివాళ్ళు పిలిచారు. వాళ్ళ ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు ఉంది. ఆదివారం బడి పిల్లలు కూర్చునే రేకుల షెడ్డు మీదికి దాని కొమ్మలు నాలుగు వాలిపోయాయి. ముందు రోజు ఈదురుగాలికి ఇంకో కొమ్మ విరిగి రేకు పగిలిందట. పిల్లలు లేని సమయం కాబట్టి సరిపోయింది. మీ బావ చెట్టు చుట్టూ తిరిగి, "ఈ నాలుగు కొమ్మలూ తీసేస్తే చాలండి, చెట్టు గట్టిగానే ఉంది" అన్నాడు. పాస్టరు గారు సరేనన్నారు.

మా పని ఎలాగంటే, ఆయన పైకెక్కి కొమ్మకి తాడు కడతాడు. ఆ తాడు రెండో కొసని పక్కనున్న వేపచెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పి నేను పట్టుకుంటాను. కొమ్మ తెగాక తాడు కొంచెం కొంచెం వదులుతూ కిందికి దించుతాను. రెండు కొమ్మలు అలాగే సాఫీగా దిగాయి. మూడోది లోపల పుచ్చిపోయి ఉందని పైకి తెలియలేదు. రంపం సగం దిగిందో లేదో, తుపాకీ పేలినట్టు చప్పుడైంది. కొమ్మ దానంతటదే విరిగి, దాని మొదలు ఎగిరి మీ బావ చెవి పక్కనుంచి పోయి మానుకి కొట్టుకుంది. బరువంతా ఒక్కసారిగా తాడు మీద పడితే నేను రెండడుగులు ఈడ్చుకుపోయాను. అరచేతులు కాలిపోయాయి, కానీ తాడు వదల్లేదు. కొమ్మ షెడ్డుకి జానెడు దూరంలో ఆగింది.

"తగిలిందా?" అని అరిచాను. పైకి చూస్తే, రెండు చేతులతో మానుని కావలించుకుని కూర్చుని ఉన్నాడు. రంపం మిషను నడుముకి వేలాడుతూ ఆడుతూనే ఉంది. "మిషను ఆపండి" అని ఎంత అరిచినా చెయ్యి కదపలేదు. పెట్రోలు అయిపోయి అది దానంతటదే ఆగిపోయింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

జనం పోగయ్యారు. వాళ్ళ సాయంతో తాడుకి వేలాడే కొమ్మని పక్కకి లాగి నేలకి దించాను. ఒకతను ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టాడు. ఫైరింజను పిలుద్దామని ఇంకొకతను. ఆయన దిగడు. ఎండ నడినెత్తికి వచ్చింది. అన్నయ్యా, చిన్నప్పుడు జీడితోటలో చెట్లెక్కుతానని నువ్వు నన్ను ఎన్నిసార్లు కొట్టావో. చీర బిగించి దోపి, నిచ్చెన వేసుకుని, రెండో తాడు నడుముకి కట్టుకుని ఎక్కేశాను. కిందికి చూడలేదు.

దగ్గరికి వెళ్ళాక చూస్తే ఒంటి మీద గీత కూడా లేదు. పెదవులు మాత్రం తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"దిగుదామా?" అన్నాను.

"నాను దిగలేనే."

"భయమేస్తోందా?"

"బయమేటీ నేదు. కాళ్ళే... నాయి కావు." మానుకి మొహం ఆనించి మళ్ళీ అన్నాడు, "ఆ సప్పుడు విన్నావా? తుఫాను నాడు మన తోట ఇరిగిన సప్పుడే."

ఆ రోజు మేమిద్దరం ఇంటి మూల నక్కి కూర్చుని ఒక్కో చెట్టూ విరుగుతుంటే విన్నాం. మర్నాడు తోటలో నిలబడినవి లెక్కపెడితే ఒక చేతి వేళ్ళకి సరిపోయాయి. ఆరేళ్ళలో ఆయన దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాను.

ఆయన కుడిపాదం నా చేత్తో పట్టుకుని కింది కొమ్మ మీద పెట్టాను. తర్వాత ఎడమది. ఒక్కో కొమ్మ దగ్గరా ఆగుతూ, పసిపిల్లాడికి నడక నేర్పినట్టు దించాను. నేల మీద కాలు పెట్టాక ఆయన ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు.

ఆ తర్వాత పది రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అడిగినవాళ్ళకి జ్వరమని చెప్పాను. మూడో రోజున పాస్టరు గారు ఇంటికే వచ్చారు. మంచాయన, గట్టిగా మాట్లాడలేదు. "అమ్మా, చెట్టు సగంలో ఆగిపోయింది. మళ్ళీ గాలొస్తే ఏమవుద్దోనని పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు. వేరేవాళ్ళు వచ్చి మొత్తం కొట్టేస్తామంటున్నారండి" అన్నారు. "వారం ఆగండి, మేమే పూర్తి చేస్తాం" అన్నాను. ఎలా చేస్తానో నాకే తెలియదు. ఒక్కసారి ఎక్కానని ఆ పని నాకు వచ్చినట్టు కాదు కదా.

మార్తమ్మ గారే దారి చూపించారు. ఆవిడ దగ్గర చదువుకున్న మస్తాన్ అని ఒకతను, సెల్ టవర్లకి రంగులు వేసి వేసి మానేసి ఆటో నడుపుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. పిలిపించి, "ఒరే మస్తానూ, ఈ అమ్మాయికి సాయం చెయ్యరా" అన్నారు. అతను నన్ను చూసి, "ఎత్తుకైతే భయం లేదక్కా. చెట్టు సంగతి మాత్రం నాకు తెల్వదు, మీరే చెప్పాలి" అన్నాడు.

ఇద్దరం వెళ్ళాం. మీ బావని రమ్మనలేదు. రమ్మంటే ఏమవుతుందో అని. మస్తాన్ చకచకా ఎక్కేశాడు. పైకి వెళ్ళాక, "టవరైతే కదలదక్కా, ఇది ఊగుద్ది!" అని నవ్వాడు. నేను తాడు చుట్టి పట్టుకున్నాను. రంపం తీసి కొమ్మ పైభాగాన ఆనించాడు. ఏదో తప్పు చేస్తున్నాడని నాకు అనిపించింది కానీ, ఏమిటో వెంటనే తట్టలేదు.

"ఆగు బాబూ! పైనుంచి కొయ్యకు!"

గేటు దగ్గర మీ బావ. ఇంట్లో వేసుకునే చెప్పులతో, షేరాటోలో వచ్చేశాడు. "ముందు కిందనుంచి గాటెట్టు. నేకపోతే బెరడంతా సీరుకొచ్చేసి సెట్టుకి పుండు పడతాది!" అంటూ లోపలికి వచ్చాడు. ఎక్కడ ఆపాలో, కొమ్మ మానుని కలిసేచోట ఉబ్బుని ఎంత వదిలి కోయాలో కిందనుంచి ఒక్కొక్కటీ చెప్పాడు. మస్తాన్ చెప్పినట్టే చేశాడు. విరిగిన మూడోదాని మోడు, నాలుగో కొమ్మ, రెండూ దిగాయి. తర్వాత మీ బావ సుత్తి తీసుకుని మాను చుట్టూ తట్టి చూశాడు. చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "మాను బోలు నేదండి, కొట్టక్కర్లేదు" అని పాస్టరు గారికి చెప్పాడు. ఆయన మా ముగ్గురినీ నిలబెట్టి ప్రార్థన చేసి టీ ఇప్పించారు. చెట్టు నిలబడింది అన్నయ్యా. పోయిన ఆదివారం ఆ దారిన వెళుతుంటే పిల్లలు దాని కింద పాడుతున్నారు.

ఆ రోజు ఇంటికి వస్తుంటే దారిలో, "నాను ఇంక ఎక్కను పార్వతీ" అన్నాడు. "సరే" అన్నాను. ఇంకేదైనా అంటానని ఎదురుచూశాడేమో. నిజం చెప్పాలంటే గుండెల మీద బరువు దిగినట్టయింది. అంత సుఖంగా అనిపించినందుకు సిగ్గూ వేసింది. పెళ్ళైన కొత్తలో నిలువెత్తు చెట్టు చివర నిలబడి నన్ను చూసి నవ్వేవాడు కదా, ఆ మనిషిని పోగొట్టుకుని సంతోషిస్తున్నానేమిటి అని.

ఇప్పుడు మస్తాన్ ఎక్కుతాడు, ఈయన కిందనుంచి చెబుతాడు, నేను తాడు పడతాను, ఫోన్లు మాట్లాడతాను. పని తగ్గలేదు, ఇంకా పెరిగింది. కుడిభుజం పైకెత్తలేకపోతున్నాను. జడ గౌరే వేస్తోంది. ఎవరైనా "ఆ పొడుగాయన ఎక్కట్లేదేందండి?" అని అడిగితే ఆయన వినపడనట్టు అటు తిరుగుతాడు. మిగతా అంతా బాగానే ఉంది. నిజంగానే బాగుంది, కంగారు పడొద్దు. అలిసిపోయాం, అంతే.

పోయిన వారం నువ్వు ఆయనతో ఫోనులో, తోటలో కొత్తగా వేసిన మొక్కలు కాపుకొచ్చాయి, మొదటి గెల బావ చేతులతోనే దింపించాలి, మీరు ఎప్పుడొస్తారో చెప్పండి అన్నావు. ఎంత ప్రేమతో అన్నావో నాకు తెలుసు. ఆయన కూడా నవ్వుతూ సరేనన్నాడు. ఫోను పెట్టేశాక అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచిపోయాడు.

నేను ఈ ఉత్తరం రాసిన సంగతి ఆయనతో అనకు. మేము తప్పకుండా వస్తాం. తోట మళ్ళీ లేచిందంటే చూడాలని నాకూ ప్రాణం కొట్టుకుపోతోంది. పెద్దమ్మకీ, మావయ్యలకీ మా నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు. గౌరి మంచి మార్కులతో పాసవ్వాలని, నా చేతుల్లో ఇంకొన్నాళ్ళు సత్తువ ఉండాలని నువ్వూ వదినా దీవించండి.

గెలలు దింపడానికి మాత్రం వేరే మనిషిని చూసుకో అన్నయ్యా. మీ బావకి చెట్టు కింద ఒక కుర్చీ వేయించు. ఏ గెల ముదిరిందో, దేన్ని ఇంకో వారం ఉంచాలో ఆయన్నే అడుగు. పదిమందీ వినేలా అడుగు.

నీ చెల్లెలు,
పార్వతి