నడుము దగ్గర కుట్టు

నాన్నా,

ఉడికించిన గుడ్లు పొయ్యి పక్కన గిన్నెలో ఉన్నాయి. రెండూ నువ్వే తిను. పిల్లికి పెట్టకు, దాని కాళ్ళు బాగానే ఉన్నాయి. చిక్కుడు గింజలు వేడి చేసుకో. టీలో రొట్టె ముంచుకుని తిని, భోజనం అయిందని ఫోన్లో చెప్పకు.

"కూర్చుని ఉండేవాడికి ఇంత తిండెందుకే" అంటావు. తినకపోవడం వల్లే ఇలా కూర్చుండిపోయావని నిన్న డాక్టరమ్మ నీ ముందే చెప్పింది. స్నానాల గదిలో పీట మీంచి లేవలేకపోయిన రోజు నిన్ను లేపింది నేను. చాలా భయం వేసింది. రోజూ ఈ గొడవ పడే ఓపిక నాకూ లేదు.

ఇస్త్రీ చేస్తూ నీ ప్యాంట్లు చూశాను. నాకు తెలియకుండా మిషను మీద నడుము తగ్గించుకున్నావు. నువ్వు చిక్కిపోతుంటే నేను పసిగట్టలేకపోయింది అందుకే. దర్జీ కూతురిని నాన్నా, ఆలస్యంగానైనా నీ కుట్టు గుర్తుపడతాను.

షిఫ్టు అయ్యాక సాయంత్రం వస్తాను. తలుపు లోపల గొళ్ళెం పెట్టుకోకు, పడితే ఎవరూ లోపలికి రాలేరు.

ఇంకోటి. ఆ ప్యాంట్ల నడుము దగ్గర లోపలికి మడిచిన గుడ్డ నువ్వు కత్తిరించలేదు. మళ్ళీ కుట్టు విప్పి వదులు చేయాల్సి వస్తుందనుకున్న బట్టకే కదా నువ్వు అలా గుడ్డ వదిలేది. గుడ్లు తిను.