నలభై ఒకటో పేజీతో సహా

ఖమ్మం జిల్లా, టేకులపల్లి మండలం, రేగులతండా నివాసి ధరావత్ లాలు కుమారుడు, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థి, ఇరవై రెండేళ్ల ధరావత్ కోటేష్ అనే నేను రాస్తున్న వీలునామా ఇది. సోమవారం హైదరాబాదులో నా గుండె కవాటం మారుస్తారు. ఒంట్లో ఓపిక లేదు గాని మతి స్థిరంగానే ఉంది. రాయమని ఎవరూ ఒత్తిడి చేయలేదు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత నా రూమ్మేటు హీరాలాల్‌ది. నా నిఘంటువు అతనికే. మాటల కింద నేను పెన్సిలుతో గీసిన గీతలు చెరపవద్దు. ఆ మాటల్లో చాలావాటిని వాడే తీరిక నాకు దొరకలేదు.

2. నా ఫ్యూయల్ సెల్ నమూనా నాయనమ్మ బాలికి చెందాలి. అరచేతిలో పట్టే ఆ పెట్టె హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించి చిన్న బల్బు వెలిగించేది. కొత్త యంత్రం ఇంటికొచ్చిందని ఆమె మూత తీసి, బొట్టు పెట్టి, పసుపునీళ్లు చల్లింది. లోపలి పొర పాడైంది. పరీక్ష రోజు వెలగలేదు. "వెలగనిదాన్ని ఎవరికి అమ్ముతావయ్యా?" అని నవ్విన పరీక్షకుణ్ణి నేను క్షమించలేదు. నాయనమ్మకు మాత్రం బల్బు మాడిందని చెప్పాను. హీరాలాల్, ఇంట్లో చదివి వినిపించేటప్పుడు ఈ రెండో అంశాన్ని మొదటి వాక్యంతో ఆపు.

3. 'ఫ్యూయల్ సెల్ వ్యాపార అవకాశాలు' అనే నా రిపోర్టుపై సర్వహక్కులు మా నాన్నవి. అందులో తేలింది ఇది: ఇళ్లకు ఇప్పట్లో గిట్టదు. రోడ్డు లేని గుట్టల మీది సెల్ టవర్లకు గిట్టవచ్చు, ఎందుకంటే అక్కడ జనరేటర్‌కు డీజిల్ చేర్చడానికే ఎక్కువ ఖర్చు. పట్టికలో దాన్ని 'రవాణా' అని ఒక్క మాటలో రాశాను. ఆ మాట మా నాన్నే. వారానికి రెండుసార్లు కావడితో డీజిల్ డబ్బాలు గుట్టెక్కిస్తాడు. చదివి వినిపిస్తే, "గాలితోని టవర్ నడిస్తె నా కావడేం గావాలె బిడ్డా?" అన్నాడు. నెల తర్వాత నలభై ఒకటో పేజీ చేర్చాను: హైడ్రోజన్ సిలిండర్లు చేర్చే, మార్చే పని ఇప్పుడు డీజిల్ మోసేవాడికే నేర్పి ఇవ్వాలి.

రిపోర్టు అడుగుతున్న టవర్ కంపెనీకి ఆ పేజీతో సహా ఇవ్వవచ్చు. అది తీసేయమంటే ఇవ్వకూడదు.

4. నేను తిరిగొస్తే ఈ వీలునామా చెల్లదు. డాక్టర్లు ఒప్పుకున్న రోజున, ఇరవై రెండేళ్లుగా నాన్న నన్ను మోయనివ్వని ఆ కావడిని ఒక్కసారి నా భుజాన పెట్టాలి.

12 సెప్టెంబరు 2008, కొత్తగూడెం.

(సంతకం) ధరావత్ కోటేష్

సాక్షులు:
సమ్మయ్య, హాస్టల్ వంటమనిషి
గోపాలు, హాస్టల్ వాచ్‌మన్