అత్తయ్య కుడి పాదం

జూన్ 4
అత్తయ్య అరికాల్లోంచి డాక్టర్ సూదిముక్క తీశాడు. కుట్టుమిషన్ సూది. ఎప్పుడు దిగిందమ్మా అని అడిగితే, ఏమో నాయనా, దిగినట్టే తెలీలేదు, అంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయిందట. ఇన్నాళ్ళూ ఆవిడ చెప్పుల్లేకుండా మిషన్ తొక్కుతోంది. ఇంట్లో ఒక్కరమూ పట్టించుకోలేదు. పుండు పెద్దదే. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్‌కి తీసుకెళ్ళాలి. పాదం నిలబెట్టుకోవాలంటే జాగ్రత్త, అని డాక్టర్ నాతో విడిగా అన్నాడు.

జూన్ 9
డ్రెస్సింగ్ సిస్టర్ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. చెయ్యి మాత్రం మెత్తన. నాకు పాఠం చెప్పింది. పసుపుగా, జిగటగా ఉన్నది స్లఫ్. చచ్చిన కండ, పోవాలి. అడుగు నుంచి ఎర్రగా గింజల్లా లేచేది గ్రాన్యులేషన్. కొత్త కండ, చూసి భయపడకూడదట. ఆ తర్వాత అంచుల్లో దురద మొదలైతే చర్మం అల్లుకుంటున్నట్టేనట.
అత్తయ్య ఆ చివరి మాట ఒక్కటే పట్టుకుంది. దురద ఎప్పుడొస్తుందే అని దారి పొడవునా నా ప్రాణం తీసింది. నేనేమైనా టైంటేబుల్ వేశానా?

జూన్ 10
దురద లేదు.

జూన్ 17
ఎరుపు! అడుగంతా దానిమ్మ గింజల్లా. నాకు ఏడుపొచ్చింది. పుండు చూసి ఆనందంతో ఏడ్చే కోడల్ని నిన్నే చూశాను, అని అత్తయ్య వెక్కిరించింది. కాలు బాగవగానే నాకు జాకెట్ కుడుతుందట. పోయినసారి కుట్టినదాంట్లో ఊపిరాడలేదని గుర్తు చేశాను. ఊపిరి తగ్గితే మాటలూ తగ్గుతాయిలే, అంది.

జూన్ 25
సిస్టర్ సెలవు మీద వెళ్ళింది. కొత్తావిడ చెయ్యి మొరటని అత్తయ్య ఆసుపత్రికి రానని భీష్మించుకు కూర్చుంది. డ్రెస్సింగ్ నేనే చేస్తున్నాను.

జూలై 1
పుండు మీద నల్లటి పక్కు కట్టింది. తడి లేదు, వాసన లేదు. హమ్మయ్య! చిన్నప్పుడు మోకాలు దోక్కుపోతే ఇలాగే కట్టేది కదా, అని మా ఆయన కూడా అన్నాడు. గాలి తగలాలని అత్తయ్య కట్టు విప్పించేసింది. పక్కింటావిడకి కాలెత్తి మరీ చూపించి, నా కోడలి చెయ్యి మంచిది, అందట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా గురించి ఆవిడ నోట మంచి మాట రావడం ఇదే మొదలు. రాత్రి కడుపునిండా తిన్నాను.

జూలై 8
నలుపు బొటనవేలి దాకా పాకింది. పరుగున ఆసుపత్రికి వెళ్ళాం. సిస్టర్ సెలవు నుంచి వచ్చేసింది. పాదం చూసింది. ఆ గొంతున్న మనిషి గుసగుసగా ఫోన్ చేసి సర్జన్‌ని పిలిపించింది.
అది పక్కు కాదు. నెక్రోసిస్. చర్మమే చచ్చి నల్లబడింది. పాదానికి రక్తం అందడం లేదట. సర్జన్ మోకాలి కింద వేలితో గీత గీసి చూపించాడు. అక్కడికి కాలు తీసేస్తే మానుతుందట. మానుతుంది అన్నందుకు ఆయన్ని కొట్టాలనిపించింది.

జూలై 9
అత్తయ్య ఆపరేషన్‌కి సంతకం పెట్టింది. మిషన్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టు అత్తయ్యా, నీకు పుణ్యముంటుంది, అని లోపల్లోపల మొత్తుకున్నాను.

జూలై 24
కుట్లు తీశారు. అంచుకి అంచు అతుక్కుంది. ప్రైమరీ హీలింగ్, వెరీ క్లీన్, అని సర్జన్ జూనియర్లని పిలిచి చూపించాడు. వంకర పోకుండా కుట్టావయ్యా, అని అత్తయ్య మెచ్చుకుంది. అందరూ నవ్వారు. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

జూలై 30, ఉదయం
అత్తయ్య కేకేసింది. కుడి అరికాలు దురద పెడుతోందట. సూది దిగిన చోటే. మానుతోందే, గోకు, అంది.
దుప్పటి కింద ఖాళీగా ఉన్న చోట పరుపు మీద గోకాను.
ఇంకొంచెం కిందకి, అంది.