ఒకటో నంబరు చొక్కా

మావా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్లి నిన్నటికి రెండేళ్ల మీద ఒక నెల. కోపంలో రాస్తే అక్షరాలు కుదరవని ఇన్నాళ్లూ ఆగాను. కోపం తగ్గలేదు. అక్షరాలు మాత్రం కుదిరాయి...

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి మన ఊరి ఒడ్డున మ్యాచ్ ఉంది. మన తెరచాప టీముకీ, ధర్మారావు పట్టుకుపోయిన తెరచాప టీముకీ. అవును, రెండింటి పేరూ ఒకటే. పొద్దుగూకేసరికి ఒకటే మిగులుతుంది.

మొదట్లో ఏముంది మనకి? సర్కారు వేట ఆపేసిన రెండు నెలలూ పడవలు ఒడ్డెక్కితే మగాళ్లు పేకాటకి కూర్చునేవారు. నువ్వు రెండు సరుగుడు కర్రలు పాతి, చిరిగిన వల అడ్డంగా కట్టి వాలీబాల్ మొదలుపెట్టావు. నెట్టు ఎత్తు ఎంతో బడి మేష్టారు అడుగుల్లో చెబితే, నువ్వు వల కొలిచినట్టు నీ చేతులతో బార వేసి, మూర వేసి కొలిచావు. నీ చేతులా... అందరికంటే పొడుగు. కర్ర మీద కత్తితో గాటు పెట్టావు. మన నెట్టు నాలుగు వేళ్లు ఎక్కువైందని నరసన్నపేట మ్యాచిలో రిఫరీ టేపు తీసేదాకా ఎవరికీ తెలియదు.

ఆ మ్యాచిలో మనవాళ్లు కొట్టిన ప్రతి బంతీ గీత దాటి అవతల పడింది. అందరూ ఏడుపు మొహాలు పెడితే నువ్వు నవ్వావు. "ఆ గాటు అలాగే ఉండనీండ్రా. ఆ ఎత్తు మీద ఎగరడం నేర్సుకుంటే బయట నెట్టు మనకి ఏటి లెక్క?" అన్నావు. ఉంచావు. మరుసటి ఏడాదికి మనవాళ్లు పైనుంచి బంతి దించితే అవతలివాడి కాళ్ల దగ్గర ఇసుక లేచేది.

తర్వాత పొందూరు, ఇచ్ఛాపురం, ఒడిశా దాకా... జాతర చేసే ఊళ్లు డబ్బిచ్చి పిలిచేవి. వేట నిషేధం రోజుల్లో ఆరిళ్ల పొయ్యిలు ఆ ఆట మీదే వెలిగాయి. ఊళ్లతో మాట్లాడి మ్యాచిలు కుదిర్చేది ధర్మారావు. నీ స్నేహితుడు. నా చేతి చేపల పులుసు తిని రెండోసారి అన్నం పెట్టించుకున్నవాడు. చొక్కాలు కుట్టింది నేను. నీలం గుడ్డ మీద తెల్ల తెరచాప. నీది ఒకటో నంబరు.

కిడ్నీలు పోయాక కూడా నువ్వు ఆ చొక్కా వేసుకునే గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నావు. శ్రీకాకుళంలో డయాలసిస్ చేయించుకుని ఆటో దిగితే ఇంటికి కాదు, నేరుగా ఒడ్డుకే. నేను తిడితే ఏమనేవాడివి? "ఒసే, నా ఒంట్లో నీరు మిషను తీస్తాది. ఈళ్ల ఒంట్లో బద్ధకం ఎవుడు తీస్తాడే?"

నువ్వు పోయిన పొద్దున ఏం జరిగిందో నీకు తెలుసా?

నువ్వు ఆట నేర్పిన ఆరుగురూ వస్తారు, పాడె వాళ్లే మోస్తారు అనుకున్నాను. వాళ్లు వ్యాను ఎక్కేశారు. ఇచ్ఛాపురంలో మ్యాచ్ ఉందట, మాట ఇచ్చేశారట. ధర్మారావు ఎక్కమన్నాడు, వీళ్లు ఎక్కారు. నీ మీద కప్పుదామని ఒకటో నంబరు చొక్కా కోసం పెట్టె అంతా వెతికాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఉతికించి తెస్తానని ముందురోజే ధర్మారావు చొక్కాలన్నీ మూట కట్టుకుపోయాడు. నీ చొక్కా లేకుండానే నిన్ను సాగనంపాను మావా.

స్నానం చేసి తడిజుట్టుతో గడపలో కూర్చుంటే ఫోనుకి ఫొటో వచ్చింది. షీల్డు పట్టుకున్న ఆరుగురి పళ్లూ కనబడుతున్నాయి. మధ్యలో ధర్మారావు. ఒంటి మీద ఒకటో నంబరు.

పెద్దకర్మకీ రాలేదు. టౌనులో కొత్త గ్రౌండు, కొత్త నెట్టు, టీము పేరు మాత్రం మనదే. ఇప్పుడు ఆ పేరుతోనే, ఆ చొక్కాలతోనే జాతరలకి తిరుగుతున్నారు.

నేను ఊరుకుంటాననుకున్నారు.

నిన్ను మోసిన నలుగురి గుమ్మాలూ నెల తిరక్కుండానే తొక్కాను. గవరయ్య, సూరిబాబు, వలలు అల్లే అన్నదమ్ములిద్దరు. ఆయన్ని మోశారు కదా, ఆయన టీముని కూడా మోయమన్నాను. గవరయ్యకి నలభై దాటాయి, బొజ్జ ఉంది, మోకాలు కిర్రుమంటుంది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఐదోవాడు మా తమ్ముడు. ఆరోవాడు సింహాచలం... ఏడోవాడిగా ఎక్కితే, పొట్టివాడని ధర్మారావు ఆ రోజు వ్యాను లోంచి దింపేసినవాడు. వీడిలో ఎంత కసి ఉందో నీకు చెప్పక్కర్లేదు.

పొద్దున చేపలమ్మడం, సాయంత్రం నీ కుర్చీలో కూర్చోవడం. ఊరు నవ్వింది. మొదటి ఏడాది వెళ్లిన ప్రతి చోటా ఓడిపోయాం. పొందూరులో అయితే జనం ఆట సగంలో లేచిపోయారు. అయినా నెట్టు దించలేదు, నీ గాటు మీదే రెండేళ్లు ఎగిరించాను. వల అల్లే వేళ్లు కదా, అన్నదమ్ములు బంతి ఎత్తిపెడితే పెట్టిన చోటే ఉంటుంది. ఈ ఏడాది శ్రీముఖలింగంలో గెలిచాం. గవరయ్య మోకాలు ఈ ఒక్క సాయంత్రం ఓర్చుకుంటే చాలు...

ఊరి పెద్దల ముందు ఒప్పందం చేయించాను. ఓడినవాళ్లు పేరు వదులుకోవాలి. చొక్కాలు అక్కడికక్కడే విప్పి ఇచ్చేయాలి. ధర్మారావు నవ్వి ఒప్పుకున్నాడు.

నిన్న మనవాళ్లు నెట్టు నీ గాటు మీదే కడదామన్నారు. టౌను నెట్టుకి అలవాటు పడ్డ ఆ ఆరుగురూ కొట్టిన బంతల్లా వలలో పడుతుంది మరి. నీ దగ్గర దాచడం ఎందుకు, నాకూ ఆశ పుట్టింది. ఒక పక్క తాడు గాటు మీద కట్టేశాను కూడా. కట్టాక ఆలోచించాను. అలా ఓడితే, నెట్టు ఎత్తుగా కట్టారని వాడు చచ్చేదాకా చెప్పుకుంటాడు. వాడికి ఆ ఒక్క మాట కూడా మిగలకూడదు.

ఈ పొద్దున పెద్దలందరి ఎదుట టేపు ధర్మారావు చేతికే ఇచ్చాను. వాడే కొలిచాడు. వాడు చూపించిన చోటే తాడు కట్టించాను. దానికి నాలుగు వేళ్ల ఎత్తున నీ గాటు. వాడు చూశాడు. అప్పుడిక నవ్వలేదు.

నువ్వేమంటావో తెలుసు. "పోనీవే, మన పిల్లలే కదా... తెలీక సేసేరు" అంటావు. నీకు జాలెక్కువ. పాడె ఎదురుగా పెట్టుకుని, వాళ్లు వస్తారని గంటసేపు రోడ్డు వైపు చూసింది నువ్వా, నేనా? నేను క్షమించను మావా. నీకు కష్టంగా ఉంటే ఈ ఒక్క సాయంత్రం అటు తిరిగి కూర్చో.

షీల్డు నాకొద్దు. ధర్మారావు ఒంటి మీంచి ఆ ఒకటో నంబరు చొక్కా ఊరందరి ముందు విప్పిస్తాను. ఉతకను. వాడి ఓటమి చెమట ఆరకుండా తెచ్చి, నిన్ను సాగనంపిన ఇసుక మీద పరుస్తాను.

నీ లచ్చి