గురువారం తాళం

జూన్ 6, గురువారం

ఇల్లు లేనివాళ్ళను చూసే ట్రస్ట్‌వాళ్ళు భేస్తాన్ బస్తీలో ఈ రూం ఇచ్చినప్పటి నుంచి వాళ్ళ మనిషి హారతి ప్రతి గురువారం వస్తుంది. ఈ ఊళ్ళోనే లింబాయత్‌లో పుట్టిన మన తెలుగు పిల్ల, సగం హిందీ మాట్లాడుతుంది. కాకా, తిన్నవా, గోళీ వేసుకున్నవా అని అడుగుతుంది. బ్రిడ్జి కింద పడుకున్నప్పుడు నన్నెవరడిగారు? సచిన్ బస్తీ మిల్లులో సాంచెల మీద బట్ట నేసే మనుషులు కావాలని బోర్డు పెట్టారంది. పోతానన్నాను.

జూన్ 10

మిల్లులో మొదటి రోజే తెగిన పోగు ముడి పడలేదు. చేతులు వణికాయి. ఇన్నేళ్ళు సాంచెలు నడిపిన చేతులు! తాగొచ్చినవా అన్నాడు సూపర్‌వైజర్. నేను తాగలేదు. భోజనం టైముకు ముందే పంపేశాడు.

సాయంత్రం హారతి ఫోన్. ఎట్లుంది కాకా అంటే ఫస్ట్‌క్లాస్ అన్నాను. థూ, నా నోరు పడ.

జూన్ 13, గురువారం

నేను డ్యూటీలో ఉన్నట్టు కనిపించాలి కదా. పక్కింటి సమ్మక్కతో బయట తాళం వేయించుకుని లోపల కూర్చున్నాను. చప్పుడవుతుందని ఫ్యాన్ కూడా వేయలేదు. హారతి వచ్చి, కాకా పనికి పోయిండా అని సమ్మక్కను అడిగింది. పోయిండు అంది సమ్మక్క. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. లోపల నాకు ఏడుపొచ్చింది.

జూన్ 20

మళ్ళీ తాళం. దగ్గొస్తే దిండు నోట్లో కుక్కుకున్నాను.

ఏంది అన్నా గీ నాటకం, జర చెప్పేస్తే పోదా అని సమ్మక్క తిట్టింది. ఎట్లా చెప్పను? నా పేరు చెప్పి, రాజలింగం కాకాను చూసి నేర్చుకోండని హారతి ట్రస్ట్ మీటింగులో అందరికీ చెప్తోందట.

జూన్ 24

హారతి ఫోన్. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డవు కాకా, ఇగ మా అవసరం లేదు అంది. పని దొరికినవాళ్ళు వేరే రూం చూసుకోవాలట. ఇది ఇంకొకరికి ఇస్తారట. ఖుషీయేనా అని అడిగింది.

ఖుషీయే అన్నాను. మళ్ళీ బ్రిడ్జి కిందికే, నా సిగ్గుమాలిన బతుకు.

జూన్ 27, గురువారం, పొద్దున

ఇవ్వాళ ఎట్లాగైనా చెప్పేయాలనుకున్నాను. తీరా టైముకు తాళంచెవి మళ్ళీ సమ్మక్క చేతిలోనే పెట్టాను.

అదే రోజు, పదకొండు

హారతి ఎవరో ముసలాయనను తీసుకొచ్చింది. ఇదే నీ రూం దాదా, కాకా ఇయ్యాల రేపట్ల ఖాళీ చేస్తడు అంటోంది. సమ్మక్క తాళంచెవితో సహా బజారుకు పోయింది.

నేను లోపలి నుంచి తలుపు కొట్టాను. నేనే బిడ్డా, లోపలే ఉన్న అన్నాను.

హారతి బయట మెట్టు మీద కూర్చున్న చప్పుడైంది. ముఖం కనబడదు కాబట్టి అన్నీ చెప్పేశాను. సమ్మక్క వచ్చి తాళం తీయనీ కాకా, అప్పుడు నీ చేతులు చూపించు అంది. ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

సమ్మక్క ఇప్పుడే రాకుంటే బాగుండు.