సరంగు గారి అభ్యంతరాలు

గాలిమరల కంపెనీ, ఊరి సంప్రదింపుల ఆఫీసు వారికి,

నమస్కారం. నేను లాంచీ నడిపే సరంగుగా చేసి రిటైరైనవాణ్ణి. రేవు వెనక వీధిలో చివరి ఇల్లు నాది. సముద్రంలో గాలిమరలు నిలబెట్టబోతున్నారని మీ కాగితం తలుపు సందులోంచి వచ్చింది. ఉద్యోగం కావలసినవాళ్లు ఆఫీసుకు రావాలనీ, అభ్యంతరం ఉన్నవాళ్ల ఇంటికి మాత్రం మీ మనిషే వచ్చి కూర్చుని మాట్లాడుతుందనీ అందులో ఉంది.

నాకు అభ్యంతరం ఉంది. అదేమిటో మనిషి వచ్చాక చెబుతాను.

ఇట్లు,
సరంగు

తా.క. తీరిక ఉన్నవాళ్లనే పంపండి. నా అభ్యంతరం పెద్దది.

*

సరంగు గారికి,

నమస్కారాలు. నిన్న మధ్యాహ్నం మీ ఇంటికి వచ్చినదాన్ని దీపాలు పెట్టే వేళకు లేచాను. మీ లాంచీ గురించి, మొరాయించిన ఇంజన్ల గురించి, పోయిన మీ ఆవిడ గురించి చెప్పారు. నేను గుమ్మం దాటుతుంటే గాలిమరల చప్పుడే మీ అభ్యంతరమన్నారు. మరలు తీరానికి చాలా దూరం. చప్పుడు మీ వీధిదాకా రాదని హామీ ఇస్తున్నాం. దీంతోపాటున్న సంతృప్తి కాగితం మీద సంతకం పెట్టి పంపితే మీ ఫైలు మూసేస్తాం.

ఇట్లు,
సంప్రదింపుల ఉద్యోగిని

తా.క. మీ కళ్లద్దాల పెట్టె నా సంచిలో ఉంది. అందులోకి ఎలా నడిచొచ్చిందో తెలియదు.

*

అమ్మాయికి,

ఆశీస్సులు. చప్పుడు రాదన్నావు. ఇప్పుడు అదే నా అభ్యంతరం. చేపల వేట తగ్గాక ఈ వీధిలో పడవలవాళ్లందరూ పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. ఎదురింటికి తాళం, పక్కింటికి తాళం. ఇంత ఖర్చు పెట్టి మరలు కడుతూ, కాస్త చప్పుడైనా ఇటు రాకుండా చేస్తే ఎలా? మా ఇంట్లో అందరిదీ ఇదే మాట. సంతకం పెట్టను.

ఇట్లు,
సరంగు

తా.క. కళ్లద్దాల పెట్టె పోస్టులో పంపకు. పారేస్తారు. మనిషి చేత్తో తెస్తేనే క్షేమం.

*

సరంగు గారికి,

మీ ఉత్తరం పై ఆఫీసుకు పంపాం. చప్పుడు పెంచమని అడగడం వెనక పెద్ద ఎత్తుగడ ఉందని ఇంజనీర్లు తలలు పట్టుకున్నారు. మీ వర్గంతో చర్చలకు పై అధికారి స్వయంగా వస్తున్నారు. రేవు దగ్గర హాల్లో కుర్చీలు వేయిస్తున్నాం. అందరినీ వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
సంప్రదింపుల ఉద్యోగిని

తా.క. మీ వర్గానికి భోజనాలు కంపెనీవే. ఎంతమందో చెబితే వంటవాడు బతికిపోతాడు.

*

అమ్మాయికి,

నా వర్గమంటే నేనూ, గోడగడియారమూ. కుర్చీ ఎక్కి దాన్ని దించే ఓపిక లేక ఒక్కణ్ణే హాలుకు వచ్చాను. నువ్వు వంటవాడి దగ్గర ఉండి చూడలేదు గానీ, ఖాళీ కుర్చీలు చూసి, మావాళ్లు చర్చల్ని బహిష్కరించారనుకుని మీ అధికారి చెమటలు తుడుచుకున్నాడు. పాపం, నాకు ఉద్యోగం కూడా ఇస్తానన్నాడు. గాలిమరల పని ఏ వైపు జరుగుతోందో వేటకెళ్లిన పడవలకు రేడియోలో చెప్పే పని. ఊరివాళ్లకేనట. చేరాలంటే ముందు సంతృప్తి కాగితం మీద సంతకం పెట్టాలన్నాడు. లేచి వచ్చేశాను.

నీ దగ్గర దాపరికం ఎందుకు? మీ మరల మీద నాకే అభ్యంతరమూ లేదు. సంతకం పెడితే ఫైలు మూస్తావు, ఫైలు మూస్తే ఇక నువ్వు రావు. మా ఆవిడ పోయాక నా మాట చివరిదాకా విన్నది నువ్వొక్కదానివే. ఒంటరితనం అలవాటైపోతుందనుకున్నాను. కాలేదమ్మా.

ఇట్లు,
సరంగు

తా.క. సంతృప్తి కాగితం ఇంకొకటి పంపు. మొదటిది కిటికీ సందులో కుక్కాను, గాలి వస్తోందని. సంతకం పెట్టేస్తాను.

*

బాబాయ్ గారూ,

నమస్కారం. ఇది ఆఫీసు ఉత్తరం కాదు. కాగితం పంపడం లేదు.

అభ్యంతరమేమిటో తోచక మీరు పైకప్పు వైపు చూసిన రోజే నాకు సంగతి అర్థమైంది. పై ఆఫీసుకు మీ పేరిట వర్గాన్ని పుట్టించింది నేనే. ఊళ్లో అందరూ ఉద్యోగాలడిగినవాళ్లే. అభ్యంతరం మీదొక్కటే. అదీ తీరిపోతే ఈ ఆఫీసు మూసి నన్ను ఇంకో రేవుకు తోలేస్తారు. ఇలా ఊళ్లు మారడం నాకు కొత్త కాదు. ఎక్కడికెళ్లినా ఆఫీసంటే నేనొక్కదాన్నే. "పంపాం", "వేయిస్తున్నాం" అని రాసేదీ, పంపేదీ, వేయించేదీ నేనే. సాయంత్రం అద్దెగదికి వెళ్లాక మళ్లీ పొద్దుటిదాకా నన్ను పలకరించే మనిషి ఉండదు. మీ ఇంట్లో కూర్చున్న ఆ సాయంత్రం నాకు లేవాలనిపించలేదు.

పై ఆఫీసు ఉత్తర్వు ఈ పొద్దున వచ్చింది. మీ వర్గాన్ని మంచి చేసుకోవడానికి సంతకం అడక్కుండానే రేడియో ఉద్యోగం మీకిచ్చారు. మీ వర్గం చల్లబడేదాకా ఈ ఆఫీసు మూయవద్దన్నారు. రేడియో నా గదిలోనే, నా బల్లకు ఎదురుగా పెట్టించాను. సోమవారం వచ్చేయండి.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. ఉద్యోగంలో చేరినా అభ్యంతరాలు మాత్రం ఆపకండి. ఏమీ తోచకపోతే, ఎదురుబల్ల పిల్ల వాగుడు పడలేకపోతున్నానని రాయండి. విచారణకు మీ ఇంటికి నేనే వస్తాను.